కొబ్బరి దీవిలో కార్తిక పౌర్ణమి

మా ప్రాంతం నుంచి థాయ్‌లాండ్ వెళ్ళేవారిలో ఎక్కువమంది బ్యాంకాక్, పట్టాయా చూసుకుని తిరిగివచ్చేస్తారు. థాయ్‌లాండ్ సింధుశాఖలో, సూరత్ థానీ ప్రావిన్సుకు చెందిన సముయ్ దీవి పేరు విన్నవారు కూడా దానిని ఇసుక తీరాల కోసం, హోటళ్ళ కోసమే తలచుకుంటారు. మా ఇంట్లో ఆ పేరు వినబడటానికి కారణం మా బాబాయి. పర్యాటకులు రాకముందు ఆ దీవి యావత్తూ కొబ్బరి మీద, చేపల వేట మీద బతికిందని తెలిసినప్పటి నుంచి, కోనసీమలోని అంబాజీపేట దగ్గర సొంత తోట ఉన్న ఆయనకు అక్కడి తోటలు చూడాలన్న కోరిక బలంగా ఉండేది. అమ్మ కూడా వస్తానన్నది. కార్తిక పౌర్ణమికి అక్కడ ఉండేటట్టు ప్రయాణం పెట్టుకున్నాము. కోనసీమ నుంచి వెళ్ళినవారికి ఆ దీవిలో చూడదగినవన్నీ సముద్రానికి వీపు పెట్టి నడిస్తేనే కనిపిస్తాయని నాకు గట్టిగా అనిపించింది కాబట్టి, చూసినంతవరకు ఇక్కడ రాస్తున్నాను.

సముయ్‌లో విమానంలో దిగవచ్చు. అక్కడ 1989 నుంచి విమానాశ్రయం ఉన్నది. మేము మాత్రం సూరత్ థానీ వైపు నుంచి దొన్‌సాక్ రేవుకు చేరి, కార్లను, లారీలను కూడా ఎక్కించుకునే పెద్ద పడవలో సుమారు గంటన్నర ప్రయాణించి, దీవికి పడమటి ఒడ్డున ఉన్న నాథన్ పట్టణంలో దిగాము. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం దాటినవారికి ఆ రేవు హడావిడి ఏమాత్రం కొత్తగా అనిపించదు. దీవి వైశాల్యం దాదాపు 228 చదరపు కిలోమీటర్లు. చుట్టూ తిరిగే రోడ్డు పొడవు సుమారు 50 కిలోమీటర్లు. ఆ రోడ్డు 1970ల దశకంలో గాని రాలేదు. అంతకుముందు ఒక ఒడ్డు నుంచి ఇంకొక ఒడ్డుకు పోవాలంటే నడుమనున్న కొండల మీదుగా నడవాలి, లేదా పడవ కట్టుకుని చుట్టి రావాలి. వంతెనలు పడకముందు గౌతమి, వశిష్ఠ పాయలు దాటడానికి రేవుల్లో గంటల తరబడి కూర్చున్న తరం మనకూ ఇంకా ఉన్నది. బాబాయి ఆ తరంవారే కావడం వల్ల, రోడ్డు లేని సముయ్ గురించి డ్రైవరు చెబుతుంటే ఆయన మధ్యలో అందుకుని తన చిన్ననాటి ప్రయాణాలు చెప్పసాగారు.

మేము వెళ్ళిన తోట దీవి లోపల, కొండ వాలులో ఉన్నది. మన తోటల్లో మాదిరిగా బోదెలు తీసి, వరుసలు పెట్టి నాటినవి కావు. రాళ్ళ మధ్య సందు దొరికినచోటల్లా చెట్టు నిలబడి ఉన్నది. తోట యజమాని వయసు మళ్ళిన మనిషి. కొంచెం ఇంగ్లీషు తెలిసిన డ్రైవరు నడుమ నిలబడి మాటలు అందించాడు గాని, అరగంట గడిచేసరికి ఆ ఇద్దరు రైతులకు అతని అవసరం పెద్దగా లేకపోయింది. నేలలో పాతిన ఇనుప గునపం మీద కాయను గుచ్చి, ఒక పక్కకు ఒరిపి, డొక్కను మూడు తిప్పుల్లో ఊడదీయడం అక్కడా ఉన్నది. బాబాయి ఆ గునపం చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "ఒరేయ్ అబ్బాయ్, ఈయన గునపాన్ని కాస్త వాలుగా పాతాడు, చూశావా? మనిషి అంతగా వంగక్కర్లేదు. మనవాళ్ళకు నడుములు పోయేది అక్కడే," అన్నారు. తరువాత తానే ఒక కాయ తీసుకుని ఒలిచి చూపించారు. పెద్దాయన దానిని చేతిలోకి తీసుకుని, కన్నుల దగ్గర పీచు వదిలిపెట్టిన తీరు చూసి, ఎందుకని సైగ చేశాడు. దేవుడికి కొట్టే కాయకు పిలక ఉండాలని డ్రైవరు ద్వారా చెప్పించాము.

చెట్టు నుంచి కాయలు కోసే దింపు సంగతి వేరు. మనకు కాళ్ళకు బందం వేసుకుని ఎక్కే దింపు కార్మికులు ఉన్నారు. అక్కడ కొక్కెం కట్టిన పొడవైన వెదురు గడలతో కోస్తారు, లేదా కోతుల చేత కోయిస్తారు. పొట్టి తోక ఉండే మకాక్ జాతి కోతిని తాడుతో చెట్టు ఎక్కిస్తే, అది ముదురు కాయను ఏరుకుని, తొడిమ తెగేదాకా చేతులతోనూ కాళ్ళతోనూ తిప్పి పడవేస్తుంది. ఈ పని నేర్పే శిక్షణశాలలు సూరత్ థానీ ప్రాంతంలో ఉన్నాయి. 2020లో జంతు సంక్షేమ సంస్థలు అభ్యంతరం చెప్పడంతో బ్రిటన్‌లోని కొన్ని పెద్ద దుకాణాలు థాయ్ కొబ్బరి పాలను అరల నుంచి తీసివేశాయి. పర్యాటకుల కోసం గొలుసు కట్టి ఆడించే కోతిని చూడటానికి డబ్బు ఇవ్వవద్దని నేను వెళ్ళేవారందరికీ చెబుతాను. దింపు కార్మికులు దొరకక గెలలు చెట్టు మీదనే ఎండిపోవడం, ఎక్కినవారు జారిపడి మంచాన పడటం చూసిన బాబాయి మాత్రం అంత తేలికగా తీర్పు చెప్పలేకపోయారు. ఆయన వెదురు గడ పొడవు కొలిచి రాసుకున్నారు.

ఇద్దరి మాటలూ చివరికి పురుగుల మీదికి, తుఫానుల మీదికి మళ్ళాయి. థాయ్ తోటలకు 2000ల దశకంలో మొవ్వులోని లేత ఆకును గీకి తినే పెంకు పురుగు పట్టింది; దానిని అదుపు చేయడానికి పరాన్నజీవులైన చిన్న కందిరీగలను పెంచి వదిలారు. మన తోటలను తెల్లదోమ పట్టినప్పుడు అంబాజీపేట పరిశోధన స్థానంవారు మిత్రపురుగులను పెంచి రైతులకు ఇచ్చిన సంగతి బాబాయి చెప్పారు. 1996 నవంబరు 6 నాటి తుఫానులో మా ఊరి తోటలు ఒక్క రాత్రిలో నేలకు ఒరిగిన తీరు కూడా చెప్పారు. అప్పుడు ఆ పెద్దాయన 1989 నాటి 'గే' తుఫానును తలచుకున్నాడు. అది నవంబరు 4న సముయ్‌కి ఉత్తరాన చుంఫోన్ దగ్గర తీరం దాటి, సన్నని భూభాగం మీదుగా బంగాళాఖాతంలోకి వచ్చి, మళ్ళీ బలం పుంజుకుని, కొద్ది రోజులకే నెల్లూరు జిల్లా కావలి దగ్గర విరుచుకుపడింది. ఒకే గాలి రెండు దేశాల కొబ్బరి చెట్లను కూల్చిందని ఆయనకు అంతకుముందు తెలియదు. ఆ సంగతి డ్రైవరు చేత రెండుసార్లు చెప్పించుకున్నాడు.

తోటలు తరిగిపోవడం అక్కడా బాధాకరమైన సంగతే. తీరం వెంబడి తోటలున్న చోట హోటళ్ళు లేచాయి. మన సముద్ర మండలాల్లో తోటలు, వరిచేలు రొయ్యల చెరువులైనాయి. హోటలు గోడల మధ్య వదిలిపెట్టిన నాలుగు చెట్లను అలంకారంగా చూడటం బాబాయికి నచ్చలేదు, నాకూ నచ్చలేదు.

తిండి విషయానికి వస్తే, రొయ్య ముద్దలో కొబ్బరి కోరు, పీత మాంసం, మిరప కలిపి, కొబ్బరి చిప్ప లోపలి వైపు మెత్తి, నిప్పుల మీద బోర్లించి కాల్చే 'ఖోయ్ చీ' దీవి సొంత వంట. చిప్ప అంచు కాలి ఆ పొగ వాసన లోపలి ముద్దకు పడుతుంది. అన్నంలో కలుపుకుంటే నాకు కూర అక్కర్లేకపోయింది. కార్తికం కావడం వల్ల అమ్మ ముట్టలేదు. ఆమెకు నచ్చింది 'కాలామే' అనే తీపి. జిగురు బియ్యపు పిండిని, కొబ్బరి పాలను, బెల్లంలాంటి తాటి చక్కెరను పెద్ద మూకుడులో గంటల తరబడి కలియబెట్టి, నల్లగా సాగేటట్టు దించుతారు. లమాయ్ తీరంలో తాత, అవ్వ పేర్లున్న రాళ్ళకు వెళ్ళే దారి పొడుగునా దీనిని అమ్ముతారు. కొడుకుకు పిల్లను అడగడానికి పడవలో బయలుదేరిన ముసలి దంపతులు తుఫానులో మునిగి ఆ రాళ్ళుగా మారారన్నది అక్కడి కథ.

గుళ్ళు చాలా ఉన్నాయి. 1972లో కట్టిన 12 మీటర్ల బంగారు రంగు బుద్ధ విగ్రహాన్ని అందరూ చూస్తారు, మేమూ చూశాము. 1973లో ధ్యానంలో కూర్చుని కన్నుమూసిన లువాంగ్ ఫో దేంగ్ అనే భిక్షువు దేహాన్ని ఖునారామ్ ఆలయంలో అద్దాల పెట్టెలో అలాగే ఉంచారు. అక్కడ అమ్మ చాలాసేపు నిలబడింది. నాథన్‌లో, బో ఫుత్‌లో హైనాన్ నుంచి వచ్చి స్థిరపడిన చైనావారి పాత చెక్క ఇళ్ళు, హువా థనన్‌లో రంగులు వేసిన ముస్లిం జాలరుల పడవలు తీరిక ఉన్నవారు తప్పక చూడవలసినవి. సాయంకాలాల్లో ఆలయ ప్రాంగణాల పక్కన కుర్రవాళ్ళు పేము బంతిని చేతితో ముట్టకుండా, పాదాలతోనూ తలతోనూ వల దాటించే తక్రో ఆట ఆడుతుంటారు.

రెండు దున్నపోతులు తలపడే పోటీలు కొత్త సంవత్సరం, థాయ్ సంవత్సరాది సోంగ్‌క్రాన్ వంటి పండుగ రోజుల్లో జరుగుతాయి కాబట్టి మేము వెళ్ళినప్పుడు మైదానం ఖాళీగా ఉన్నది. కొమ్ములకు అలంకారాలు చేసి, పవిత్ర జలం చల్లి దింపుతారు. ఏదో ఒకటి వెనక్కు తిరిగి పరుగు తీస్తే పోటీ అయిపోయినట్టే. పందేలు అక్కడా కాస్తారు. కత్తి కట్టని ఆ పోటీ, చట్టం కాదన్నా సంక్రాంతికి మనవైపు జరుగుతున్న కోడిపందేల కంటే మేలని నా అభిప్రాయం. అయితే పండుగకు మన ఘనత ఏమిటని ఆ డ్రైవరు అడిగినప్పుడు నేను కోళ్ళ మాట ఎత్తలేదు; కనుమ నాడు పదకొండు ఊళ్ళ ఏకాదశ రుద్రులు జగ్గన్నతోటకు చేరే ప్రభల తీర్థం గురించి, కౌశికలో నీళ్ళలోకి దిగి ప్రభను భుజాల మీద దాటించడం గురించి చెప్పి, ఫోనులో బొమ్మలు చూపించాను.

పౌర్ణమి నాడు అక్కడ లోయ్ క్రతోంగ్, అంటే క్రతోంగ్ అనే దొప్పల్లో దీపాలు పెట్టి నీటిలో వదిలే పండుగ. మన కార్తిక పౌర్ణమీ, వారి పండుగా సాధారణంగా ఒకే వెన్నెల రాత్రి వస్తాయి. మేము దిగిన ఇంటి యజమానురాలు మధ్యాహ్నం నుంచే వసారాలో అరటి బోదెను రెండు అంగుళాల మందాన బిళ్ళలుగా కోసి పెట్టుకున్నది. అరటి ఆకును పట్టీలుగా చీల్చి, రేకుల్లా మడిచి, బిళ్ళ అంచున గుండుసూదులతో గుచ్చి, నడుమ బంతిపూలు, ఒక కొవ్వొత్తి, మూడు అగరుబత్తీలు నిలబెడుతున్నది. అమ్మ పక్కన కూర్చుని మొదటి రేకును మడవగానే, సూదులను పక్కకు జరిపి, పెరటి కొబ్బరి మట్ట నుంచి ఒక ఈనె చీల్చి తెమ్మన్నది. విస్తరి కుట్టినట్టు ఈనె ముక్కలతోనే చుట్టూ కుట్టింది. ఆ ఇల్లాలు తన సూదులన్నీ ఏరి డబ్బాలో వేసేసి, మిగతావి ఈనెతోనే పూర్తి చేసింది. ఈ మధ్య చేపలకు ఆహారమయ్యేటట్టు రొట్టెతో చేసినవి కూడా అమ్ముతున్నారు.

ఆ దీపాన్ని నీటి తల్లికి వదులుతారు. ఆమెను వారు గంగమ్మగానే కొలుస్తారు; ఏడాది పొడుగునా నీటిని వాడుకున్నందుకు, మైలపరచినందుకు క్షమించమని అడుగుతారు. కొందరు వెంట్రుకో, గోటి ముక్కో, నాణెమో అందులో పెట్టి కీడు పోవాలని కోరుకుంటారు. మనకు పౌర్ణమి నాడు శివాలయంలో జ్వాలాతోరణం, 365 వత్తుల దీపం. అరటి దొప్పల్లో దీపాలు వదిలే పోలి పాడ్యమి అమావాస్య మరునాటి తెల్లవారుజామున వస్తుంది. వారిది సాయంత్రం, ఊరంతా ఒక్కసారిగా. ఆలయం చెరువు దగ్గర అమ్మ తన క్రతోంగ్‌ను వదిలి, చేత్తో నీటిని మూడుసార్లు వెనక్కు తోసింది. పక్కనున్న ఆడవాళ్ళు కూడా సరిగ్గా అదే చేస్తున్నారు.

చెరువుకు అవతల, తెల్లని తెర వెనుక దీపం పెట్టి నాంగ్ తలుంగ్ ఆడుతున్నారు. దక్షిణ థాయ్‌లాండ్ తోలుబొమ్మలాట ఇది. ఆట మొదట ఋషి బొమ్మ, తరువాత నంది మీద ఈశ్వరుడు వచ్చి వెళ్ళాకనే కథ మొదలవుతుంది. నంది కనబడగానే బాబాయి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. బొమ్మలు మూరెడు ఎత్తుకు అటూ ఇటూగా ఉంటాయి. మన బొమ్మలు మనిషెత్తున, రంగులు తెర మీద వెలిగేటట్టు ఉంటాయి. అక్కడ ఒక్క కళాకారుడే అన్ని గొంతులూ పలుకుతాడు, అన్ని బొమ్మలూ ఆడిస్తాడు; మన దగ్గర ఇంటిల్లిపాదీ తెర వెనుక ఉంటారు, ఆడవాళ్ళు పాడతారు, కాలి కింద చెక్కలు మోగుతాయి. తెంగ్, నూనుయ్ అనే నల్లని హాస్యపు బొమ్మలు దవడ ఆడిస్తూ ఊరి సంగతులు మాట్లాడుతుంటే జనం పగలబడి నవ్వారు. మాకు మాట తెలియకపోయినా కేతిగాడు, బంగారక్క వచ్చారని అర్థమైంది.

ఈ కళను నేర్చుకోదలచినవారు పడవ దాటి నఖోన్ సీ థమ్మరాత్ పట్టణంలో దివంగత సుచార్త్ సప్సిన్ ఇంటి మ్యూజియం చూడాలి; ఆయన థాయ్ ప్రభుత్వం జాతీయ కళాకారుడిగా గుర్తించిన బొమ్మల నిపుణుడు. మనకు కాకినాడ పక్కనే మాధవపట్నంలో తోలుబొమ్మల కుటుంబాలు ఉన్నాయి. సముయ్‌లో ఆట గుడి పండుగలో భాగం కాబట్టి ఊరే కళాకారుడిని పిలుస్తుంది, ఊరే కూర్చుని చూస్తుంది. వచ్చే కార్తిక పౌర్ణమికి మా ఊరి శివాలయం దగ్గర జ్వాలాతోరణం అయిన తరువాత మాధవపట్నం వారి చేత ఒక రాత్రి ఆట ఆడించాలని బాబాయి ఆలయ కమిటీ పెద్దలతో మాట్లాడుతున్నారు. తెర కట్టడానికి చెరువు గట్టు అనువుగా ఉంటుందని ఆయన పట్టుదల. ఆడవాళ్ళు కూర్చోవడానికి గుడి ముందు ఖాళీ స్థలమే మేలని అమ్మ అంటున్నది.