తుపాకీ కంటే ముందు కనబడేది చొక్కా

ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు జోరుగా దిగే ఫిబ్రవరి, మార్చి నెలల్లో వరంగల్‌లో ఏదైనా బ్యాంకు గుమ్మం దగ్గర ఒక పావుగంట నిలబడి చూడండి. తక్‌పట్టీ, అంటే సరుకు అమ్మిన చీటీ, చేత్తో పట్టుకుని, చెక్కు జేబులో పెట్టుకుని వచ్చిన రైతు మెట్టెక్కే ముందు ఒక్క క్షణం ఆగుతాడు. తలుపు పక్కన డబుల్ బ్యారెల్‌తో గార్డు ఉంటాడు. రైతు ముందు బట్టలు చూస్తాడు, తర్వాత మొహం చూస్తాడు, తుపాకీ సంగతి ఆ తర్వాతే. గార్డు చొక్కా టక్ చేసుకుని, గడ్డం గీసుకుని, కళ్లు కనబడేట్టు ఉన్నాడనుకోండి, "సారూ, చెక్కు గీడనేనా ఇచ్చేది?" అని అడిగి లోపలికి పోతాడు. అదే మనిషి నల్లద్దాలు పెట్టుకుని, పై రెండు గుండీలు విప్పేసి, తూటాల బెల్టు ఛాతీకి అడ్డంగా వేసుకుంటే, ఇంకెవరైనా ముందు లోపలికి పోయేదాకా మెట్టు కిందే నిలబడతాడు.

ఉత్తర తెలంగాణలో నలభై దాటినవాళ్లకు తుపాకీ కొత్త వస్తువు కాదు. ఆలివ్ గ్రీన్ అంటే నక్సలైట్ల దళం. ఖాకీ అంటే ఠాణా. నాయకుడి వెనక సఫారీ అంటే గన్‌మెన్, పక్కకు జరగాలి. లుంగీ మీదో టీషర్టు మీదో తుపాకీ కనబడితే అది ఎవరిదో తెలియదు కాబట్టి ఆ భయం అన్నిటికన్నా ఎక్కువ. బట్టను బట్టి తుపాకీని అంచనా కట్టడం ఇక్కడి ఊళ్లలో ఎవరూ నేర్పకుండానే వచ్చిన విద్య. బ్యాంకు ముందో, నగల దుకాణం ముందో, క్యాష్ వ్యాన్ పక్కనో నిలబడే ప్రైవేటు గార్డు ఈ నాలుగింటిలో దేన్ని గుర్తుచేసినా వేషం తప్పినట్టే. అతను బ్యాంకు మనిషిలాగే కనబడాలి.

ఇది ఒక్క మన దగ్గరి సంగతే కాదు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో మామూలు పౌరుడు నడుముకు పిస్టల్ కనబడేట్టు పెట్టుకుని తిరగొచ్చు. టెక్సస్‌లో లైసెన్సు ఉన్నవాళ్లకు 2016 జనవరి నుంచి ఆ వీలుంది, 2021 సెప్టెంబర్ నుంచి లైసెన్సు కూడా అక్కర్లేదు. అక్కడ అలా తిరిగేవాళ్లు తమలో తాము వాదించుకునేది కూడా బట్టల గురించే: ఇస్త్రీ చొక్కా, మంచి బెల్టు, నీటుగా గీసిన గడ్డం ఉంటే జనం పట్టించుకోరని, మిలిటరీ మచ్చల ప్యాంటుతో పోతే పోలీసులకు ఫోన్లు వెళ్తాయని. బట్టలు ఎంత దూరం తీసుకెళ్తాయో 1967 మే 2న కాలిఫోర్నియాలో తేలింది. నల్ల బెరెట్లు, తోలు జాకెట్లు వేసుకున్న బ్లాక్ పాంథర్లు, అంటే నల్లజాతి ఉద్యమకారులు, తుపాకులతో శాక్రమెంటోలోని శాసనసభ భవనంలోకి నడిచారు. తూటాలు నింపిన తుపాకీని బహిరంగంగా మోయడాన్ని నిషేధించే బిల్లు అప్పటికే సభ ముందుంది, ఆ ఏడాదే చట్టమైపోయింది. తుపాకీ మోసినవాడి ఒంటి రంగూ ఆ లెక్కలో ఉంది, అది వేరే చెప్పక్కర్లేదు. మన కర్ణాటకలోని కొడగులో ఇందుకు పూర్తిగా ఎదురు. కుప్య అనే నల్లటి పొడుగు కోటు మీద ఎర్ర పట్టు నడికట్టు కట్టుకుని, తుపాకీ పట్టుకుని నిలబడిన కొడవ మనిషి పక్కన పిల్లలు ఫొటో దిగుతారు. ఆ బట్టల్లో తుపాకీ పండగ సామాను.

ఇక వరంగల్ గార్డు దగ్గరికొస్తే, మొదట తేల్చుకోవాల్సింది రంగు. ఖాకీ వద్దు. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం, అదే 2005 నాటి పసారా, 21వ సెక్షన్‌లో ఈ మాట గట్టిగానే చెప్పింది: గార్డు పోలీసు యూనిఫాం గానీ, సైన్యం యూనిఫాం గానీ, వాటిలా కనబడే బట్టలు గానీ వేసుకుంటే గార్డుకే కాదు, ఏజెన్సీ యజమానికి కూడా ఏడాది దాకా జైలు, లేదా ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. సంత బండ్ల మీద చవగ్గా దొరికే మిలిటరీ మచ్చల టోపీ, ప్యాంటు కూడా ఇందులోకే వస్తాయి. భుజం మీద రెండు నక్షత్రాలు, ఎరుపు నీలం రిబ్బను కుట్టించడం కొన్ని చోట్ల ఇంకా కనబడుతూనే ఉంది. అది అచ్చంగా ఎస్సై గుర్తు. ఎర్ర బూట్లు, ఎర్ర బెల్టు కూడా అధికారినే తలపిస్తాయి. లేత నీలం చొక్కా, నేవీ బ్లూ ప్యాంటు, నల్ల బెల్టు, నల్ల బూట్లు, ఇదే క్షేమం. చూడ్డానికి చప్పగా ఉంటుంది. ఉండాల్సిందీ అలాగే.

కేంద్రం ఇచ్చిన నమూనా నిబంధనల్లో యూనిఫాం వివరాలు ఒక్కొక్కటీ రాసి ఉన్నాయి: చేతి మీద ఏజెన్సీ బ్యాడ్జి, ఛాతీ మీదో భుజం మీదో హోదా చెప్పే బ్యాడ్జి, ఎడమ జేబులో తాడుతో ఈల, లేసులున్న బూట్లు, టోపీ, ఒక నోటుబుక్కు, పెన్ను. ఫొటో గుర్తింపు కార్డు నడుము పైభాగాన, పైకి కనబడే బట్ట మీదే ఉండాలి. ఈ చివరిదే ఎక్కువగా తప్పుతుంది. డిసెంబర్ రాగానే స్వెట్టర్ వేసుకుంటారు, కార్డు లోపలే ఉండిపోతుంది. దానికి తోడు మంకీ టోపీ, మొహం చుట్టూ మఫ్లర్. రాత్రి పదకొండింటికి ఏటీఎం ముందు కళ్లు మాత్రమే కనబడుతున్న మనిషి తుపాకీతో నిలబడితే వచ్చినవాళ్లు ఏమనుకోవాలి? కాపలావాడా, దోచుకునేవాడా అన్నది ఆ మఫ్లర్ వల్లే తెలియదు. వీ మెడ నేవీ స్వెట్టర్ తీసుకుని, దాని ఎడమ ఛాతీ మీద బ్యాడ్జికి గుడ్డ పట్టీ కుట్టించాలి. చెవులకు ఉన్ని టోపీ చాలు, గడ్డం కిందికి మఫ్లర్, మొహం బయటికి.

బట్ట గురించి ఏజెన్సీలు ఎప్పుడూ పిసినారితనమే చేస్తాయి. పూర్తి పాలిస్టర్ చవక, ఇస్త్రీ నలగదు, కానీ మే నెల ఎండలో గాలి ఆడదు. పదకొండు దాటకముందే గార్డు గుండీలు విప్పుతాడు, పన్నెండుకు భుజం మీదికి తువ్వాల వస్తుంది, ఒంటిగంటకు బూట్ల స్థానంలో రబ్బరు చెప్పులు. తప్పు గార్డుదని సూపర్‌వైజర్ అరుస్తాడు, నా లెక్కలో తప్పు బట్టది. 65 వంతులు పాలిస్టర్, 35 వంతులు నూలు కలిసిన టెర్రీ కాటన్, పొట్టి చేతులు, ఒక్కొక్కరికి మూడు జతలు. రెండు జతలంటే ఒకటి ఆరేలోపే ఇంకొకటి చెమట వాసన కొడుతుంది. దర్జీకి ఒక్క మాట తప్పక చెప్పాలి: చొక్కా పొడుగు మామూలు కంటే రెండంగుళాలు ఎక్కువ పెట్టమని. కుట్టాక వేసి చూసే పద్ధతి కూడా తేలికే. రెండు చేతులూ పైకెత్తి, వంగి నేలను తాకి లేవాలి. అంతా అయ్యాక కూడా చొక్కా ప్యాంటులోనే ఉండాలి.

అందరూ వదిలేసేది, అసలు గొడవంతా ఉన్నది తుపాకీ పట్టీ దగ్గర. ట్వెల్వ్ బోర్ డబుల్ బ్యారెల్ బరువు మూడు కిలోల పైనే. నైలాన్ పట్టీ, గంజి పెట్టి ఇస్త్రీ చేసిన నున్నటి చొక్కా, యాభై దాటి కిందికి వాలిన భుజం, ఈ మూడూ కలిస్తే పట్టీ జారుతూనే ఉంటుంది. జారిన ప్రతిసారీ గార్డు చెయ్యి తుపాకీ మీదికి పోతుంది. చెయ్యి కదిలిన ప్రతిసారీ లైన్లో ఉన్నవాళ్ల తలలు ఇటు తిరుగుతాయి. పాపం ఆయన పట్టీ ఎగదోసుకుంటున్నాడంతే, కానీ చూసేవాళ్లకు తుపాకీ అందుకుంటున్నట్టే ఉంటుంది. దీనికి మందు పది రూపాయల పని: కుడి భుజం మీద గుడ్డ నాలుక కుట్టించి, మెడ వైపు పెద్ద గుండీ పెట్టించాలి. పట్టీ ఆ నాలుక కింది నుంచి పోవాలి, గుండీ ఊడదీస్తే చప్పున రావాలి. పట్టీ అంగుళంపావు వెడల్పుకు తగ్గకూడదు, లోపలి వైపు గరుకుగా ఉండాలి. అదే భుజం మీద లోపల రెండో పొర గుడ్డ వేయించకపోతే నెలలు తిరక్కుండానే కుట్టు విడిపోతుంది, చిరిగిన భుజం మీద తుపాకీ ఇంకా అన్యాయంగా కనబడుతుంది. గంజి కాలరుకు, చేతులకు చాలు, భుజానికి వద్దు.

తుపాకీ నూనె మరక ఇంకో తలనొప్పి. కుడి భుజం మీద, తుంటి దగ్గర నల్లగా పడుతుంది. నీళ్లు తగలకముందే మొహానికి రాసుకునే పౌడరు దండిగా చల్లి అరగంట వదిలేయాలి, దులిపి, గిన్నెలు తోమే సబ్బు రుద్ది, అప్పుడు ఉతకాలి. ముందే నీళ్లలో నానబెట్టి బండకేసి బాదితే మరక పరుచుకుంటుంది.

ఛాతీకి అడ్డంగా తూటాల బెల్టు వేయించే యజమానులు దుకాణానికి దర్జా వస్తుందనుకుంటారు. వచ్చేది చంబల్ లోయ బందిపోటు వాలకం. పైగా ఆ బెల్టు గూళ్లు కొన్నాళ్లకు సాగిపోయి, వంగినప్పుడు తూటా కింద పడుతుంది. నగల దుకాణం పాలరాయి మీద తూటా దొర్లిన చప్పుడు విన్నాక గాజులు చూసేందుకు ఎవరికీ మనసు రాదు. చెమటకు ఇత్తడి అడుగు భాగం చిలుము పట్టి పచ్చబడుతుంది కూడా. పది తూటాలు పట్టే, మూత ఉన్న తోలు సంచి నడుముకు ఎడమ పక్క పెట్టిస్తే చాలు. కుర్చీలో కూర్చుని తుపాకీని ఒళ్లో అడ్డంగా పెట్టుకోవడం మాన్పించాలి. ఎంత శుభ్రమైన యూనిఫామైనా, గొట్టం లైన్ వైపు చూస్తుంటే ఇంకేం లాభం?

మొహం విషయానికొస్తే మీసానికి నేను అడ్డం చెప్పను. మన దగ్గర మీసం మర్యాదే, ముఖ్యంగా మిలిటరీ నుంచి వచ్చిన పెద్దాయనలకు. అయితే కొసలు చెంపల మీదికి తిప్పితే మాత్రం మీసం తప్ప మనిషి కనబడడు. గడ్డం రోజూ గీసుకోవాలి, మతాన్ని బట్టి ఉంచుకునేవాళ్లు కత్తిరించి దువ్వుకోవాలి. రెండు మూడు రోజుల మాసిన గడ్డమే అన్నిటికన్నా చెడ్డది, నిద్ర లేనివాడి చేతిలో తుపాకీ ఉందనిపిస్తుంది. బొట్టు, తాయెత్తు, చేతి దారం ఎవరినీ భయపెట్టవు. గుట్కా నములుతూ మాట్లాడకుండా తల ఊపేవాడు మాత్రం పొగరుబోతులా ఉంటాడు. నల్లద్దాలు ఎండలో వ్యాన్ పక్కన సరే, గుమ్మం దగ్గర వద్దు.

కార్తీకం నుంచి సంక్రాంతి దాకా ఒక చిక్కు వస్తుంది. అయ్యప్ప దీక్ష తీసుకున్న గార్డు నలభై ఒక్క రోజులు నల్లబట్టలు, గడ్డం, చెప్పుల్లేని కాళ్లతో ఉంటాడు. స్వామి అని అందరూ నమస్కారం పెడతారు, కానీ ఆ వేషంలో చేతికి తుపాకీ ఇస్తే బ్యాడ్జి లేదు, యూనిఫాం లేదు, నిబంధనలన్నీ గాల్లో. దీక్ష మాన్పించాలని చూసే యజమాని గార్డునే పోగొట్టుకుంటాడు. ముందే అడిగి తెలుసుకుని, ఆ రోజులు రిజిస్టరు దగ్గరో, కెమెరాల గదిలోనో తుపాకీ లేని డ్యూటీ వేయడం మేలు. గుమ్మానికి ఇంకొకరిని తెచ్చుకోవాలి. హనుమాన్ దీక్షకూ ఇదే లెక్క.

సొంత లైసెన్సు రివాల్వర్ ఉన్నవాళ్ల సంగతి వేరు. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం బహిరంగ ప్రదేశంలో అది హోల్‌స్టర్‌లో, పూర్తిగా కప్పి ఉండాలి. ఊపి చూపించకూడదు. పెళ్లి బరాత్‌లో గాల్లోకి కాలిస్తే 2019 సవరణ తర్వాత రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. తీరా చూస్తే మనవాళ్ల ఇష్టమైన వేషం పల్చటి తెల్ల చొక్కా. దాని కింద నల్ల హోల్‌స్టర్ పూర్తిగా కప్పినా అచ్చు పడినట్టు కనబడుతుంది, మెడలో లావు గొలుసు, చేతికి కడియం తోడైతే భూముల సెటిల్‌మెంట్‌కు వచ్చినట్టే. రెక్సిన్ బెల్టు బరువుకు ఒక పక్కకు వాలుతుంది, దాన్ని లాక్కునే చెయ్యి అందరికీ కనబడుతుంది. ఒకటిన్నర అంగుళాల రెండు పొరల తోలు బెల్టు, లేత గోధుమ రంగు హోల్‌స్టర్, ముదురు రంగు మందపాటి చొక్కా టక్ చేయకుండా, తుంటి కిందికి దిగేంత పొడుగు. కారులో కూర్చుని లేచి అద్దంలో చూసుకోవాలి, చొక్కా పైకి లేచేది అప్పుడే.

డ్యూటీ దిగాక గార్డు ఇంటికి పోయే దారి గురించి ఎవరూ ఆలోచించరు. చాలామందివి సొంత లైసెన్సు తుపాకులే. యూనిఫాం మార్చుకుని, మామూలు చొక్కాలో, టీవీఎస్ మీద తుపాకీ అడ్డంగా పెట్టుకుని కాజీపేట వైపు పోతుంటే, పొద్దంతా బ్యాంకు మనిషిగా ఉన్నవాడు ఒక్కసారిగా ఎవరో తెలియని తుపాకీ మనిషి అవుతాడు. డబుల్ బ్యారెల్‌ను గొట్టాలు, ముందు చెక్క, వెనక చెక్క అని మూడు ముక్కలుగా విప్పొచ్చు, ఒక నిమిషం పని. గొట్టాల పొడుగు కంటే రెండంగుళాలు ఎక్కువగా, లోపల దుప్పటి గుడ్డ వేసిన కాన్వాస్ సంచి ఒకటి కుట్టించుకోవాలి. తూటాలు వేరే జేబులో, లైసెన్సు పుస్తకం చొక్కా జేబులో. జిప్పు మాత్రం మంచిది వేయించండి, చవక జిప్పు గొట్టం కొన దగ్గరే పగులుతుంది.