కిలో బియ్యం అంగారకుడి మీద ఎంత తూగుతుంది?

ఇక్కడి ఎలక్ట్రానిక్ కాటానే అంగారకుడి మీదికి తీసుకెళ్లి కిలో బియ్యం ప్యాకెట్ పెడితే 378 గ్రాములే చూపిస్తుంది. అదే ప్యాకెట్‌ను పాత తక్కెడలో వేసి, రెండో పళ్లెంలో కిలో రాయి పెట్టండి. ముల్లు నిటారుగా నిలుస్తుంది. బియ్యంలో ఒక్క గింజ కూడా తగ్గలేదు మరి.

కాటా లోపల లోడ్ సెల్ అనే లోహపు దిమ్మ ఉంటుంది. పైన బరువు పడితే అది రవ్వంత వంగుతుంది. భూమి మీద కిలో రాయి పెట్టి చేసిన సెట్టింగ్ ప్రకారమే కాటా ఆ వంపును కిలోలుగా మార్చి చూపిస్తుంది. ఇక్కడ కిలో బియ్యం 9.8 న్యూటన్ల (బలాన్ని కొలిచే ప్రమాణం) బలంతో నొక్కితే, అక్కడ 3.7 న్యూటన్లతోనే నొక్కుతుంది. అక్కడే కిలో రాయి పెట్టి మళ్లీ కాలిబ్రేట్ చేస్తే కాటా కూడా దారికొస్తుంది. తక్కెడకు ఆ పని లేదు, ఎందుకంటే రాయి కూడా బియ్యంతో సమానంగా తేలికవుతుంది.

లెక్క ఇలా వేయాలి. భూమి ద్రవ్యరాశిని 1 అనుకుంటే అంగారకుడిది 0.107, వ్యాసార్ధం 0.532. వ్యాసార్ధాన్ని వర్గం చేస్తే 0.283. 0.107ను దానితో భాగిస్తే 0.378. ఎక్కువమంది తప్పేది ఈ వర్గం దగ్గరే. అది మరిచిపోతే జవాబు 0.2 వస్తుంది. బుధుడి ద్రవ్యరాశి అంగారకుడిలో సుమారు సగమే, అయినా వ్యాసార్ధం 0.383 కాబట్టి బరువు ఇంచుమించు అంతే. శని ద్రవ్యరాశి భూమికి 95 రెట్లు, కానీ మధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 9.45 రెట్లు. అందుకని మబ్బుల పైభాగంలో లెక్క వేస్తే కిలో 1.06 కిలోలే! కాటా పెట్టడానికి అక్కడ నేల లేదనుకోండి.

అంగారకుడి బరువు చేతికి తెలియాలంటే సంచిలో 380 గ్రాముల బియ్యం పోసి ఎత్తి చూడండి. అయితే ఆ సంచిని అటూ ఇటూ ఊపి మాత్రం అంచనా వేయకండి. అక్కడ కిలో సంచిని ఊపడానికి, ఆపడానికి ఇక్కడ పట్టినంత బలమూ పడుతుంది. 2023లో చంద్రుడి మీద దిగిన ప్రజ్ఞాన్ రోవర్‌కూ ఇదే వర్తిస్తుంది. 26 కిలోల ఆ బండి మట్టిని నొక్కింది ఇక్కడి 4.3 కిలోలంతే. చక్రాలకు పట్టు ఆరో వంతుకు తగ్గుతుంది, బండిని కదిలించి ఆపాల్సిన ద్రవ్యరాశి మాత్రం 26 కిలోలే.

భూమి మీద కూడా ఈ తేడా కొంత ఉంది. గురుత్వ త్వరణం, అంటే కిలో వస్తువు ఎన్ని న్యూటన్లతో నొక్కుతుందో ఆ లెక్క, భూమధ్యరేఖ దగ్గర 9.780, ధ్రువాల దగ్గర 9.832. ఒకచోట సెట్ చేసిన కాటాను రెండోచోట వాడితే కిలోకు 5 గ్రాములు తేడా వస్తుంది. బంగారం తూచే కాటాను వాడే చోటే రాయి పెట్టి సరిచూసుకోవాలి.