సర్వ చల్లారేదాకా

ఫిబ్రవరి మొదటి వారంలో ఒక తెల్లవారుజామున ఉప్పల్‌లో హనుమకొండ బస్సెక్కినప్పుడు, నా ఒడిలో పాత నేతచీర ముక్కలో మూటగట్టిన ఇత్తడి సర్వ ఉంది. అది మా అమ్మది. అమ్మ పోయి రెండేళ్లయింది. ఆమె వస్తువుల్లో నేను అడిగి తెచ్చుకున్నది ఈ సర్వ ఒక్కటే అయినా, హైదరాబాదులో మేముండే అపార్ట్‌మెంటులో అది ఇన్నాళ్లూ అలమర పైఅరలోనే ఉండిపోయింది. మా వంటింట్లో ఉన్నది ఇండక్షన్ పొయ్యి. దాని మీద ఇత్తడి వేడెక్కదు, పైగా గుండ్రటి అడుగున్న సర్వ ఆ చదును గాజుపలక మీద కుదురుగా నిలవదు. అందుకని మొన్నటి సంక్రాంతికి సర్వపిండి చేయాలనిపించినప్పుడు నాన్‌స్టిక్ పెనం మీదే అద్ది కాల్చాను. బియ్యప్పిండి, నానిన శనగపప్పు, కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు, నువ్వులు, ఎల్లిపాయ, కల్యామాకు, కారం, చివరికి మా వైపు ఆనిగెపుకాయ అని పిలిచే సొరకాయ తురుముతో సహా అమ్మ వేసేవన్నీ వేశాను. మా తమ్ముడు రెండు ముక్కలు తిని, "బాగుందక్కా, కానీ అమ్మ చేసినట్టు లేదు" అన్నాడు. వాడు నొప్పించాలని అనలేదు. నాకూ అదే అనిపించింది కనుక నేను మారుమాట్లాడలేదు. ఏదో ఒక దినుసు మరిచిపోయి ఉంటానని, అదేమిటో ములుగు దారిలోని పల్లెలో ఉన్న మా చిన్నమ్మకు తప్పక తెలిసి ఉంటుందని నమ్మి బయలుదేరాను.

భువనగిరి ఏకశిలా గుట్ట, ఆలేరు దాటి, కాకతీయుల కాలం నుంచి ఇత్తడి రేకుల పనికి పేరుపడ్డ పెంబర్తి మీదుగా బస్సు వెళ్తున్నప్పుడు, ఒడిలోని మూట మీద చెయ్యి వేసుకుని ఆ వంటకం పేర్ల గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. మేము సర్వపిండి అంటాం, కొందరు సర్వప్ప అంటారు, ఇంకొన్ని చోట్ల అది గిన్నప్ప, తపాలచెక్క, గంజుపిండి. సర్వ, గిన్నె, తపాల, గంజు అన్నీ పాత్రల పేర్లే. ఇన్ని పేర్లు పెట్టుకున్నవాళ్లు ఒక్కరూ అందులో వేసే దినుసును చెప్పలేదు, అది కాలే పాత్రనే చెప్పారు. ఆ పాత్రను పైఅరలో పెట్టి, లోపం దినుసుల్లో వెతుకుతున్నానా అన్న అనుమానం నాకు మొదటిసారి అక్కడే కలిగింది.

హనుమకొండలో దిగాక వేయిస్తంభాల గుడి దాకా నడిచాను. రుద్రదేవుడు 1163లో కట్టించిన ఆ గుడిని చూడటానికి కాదు, మా బాల్యమంతా ఆ వీధుల్లోనే గడిచింది కనుక. సద్దుల బతుకమ్మ నాడు ఆ గుడి ఆవరణ పూలతో, ఆడవాళ్లతో నిండిపోయేది. అమ్మ చింతపండు పులిహోర, పెరుగు సద్ది, నువ్వుల సద్ది వేర్వేరు గిన్నెల్లో సర్ది, మలీద ముద్దలు స్టీలు డబ్బాలో పెట్టుకుని మమ్మల్ని వెంటబెట్టుకుని వచ్చేది. బతుకమ్మను పద్మాక్షి గుండంలో వదిలాక, "ఇస్తినమ్మ వాయినం", "పుచ్చుకుంటినమ్మ వాయినం" అనుకుంటూ ఒకరి మలీద ఒకరి దోసిట్లో పెట్టేవారు. ఎవరి మలీదలో బెల్లం ఎక్కువో, ఎవరి రొట్టె మెత్తగా నలిగిందో నోట్లో పెట్టుకోగానే అమ్మ చెప్పేసేది. కళ్లు మూసుకుని తిన్నా పక్కింటి పెద్దమ్మ చెయ్యి ఏదో పోల్చుకోగలనని ఆమె అన్నప్పుడు, అది మాటవరసకే అన్నదనుకున్నాను.

సర్వ లోపలి కళాయి, అంటే తగరపు పూత, చాలాచోట్ల లేచిపోయి ఇత్తడి బయటపడింది. వరంగల్ చౌరస్తా వెనుక ఒక సందులో ఇంకా కళాయి వేసే ముసలాయన ఉన్నాడని తెలిసి అక్కడికి వెళ్లాను. ఆయన సర్వను బొగ్గుల కుంపటి మీద పెట్టి, తిప్పుతూ కాల్చి, నవసాగరం పొడి చల్లాడు. తెల్లటి పొగ ఘాటుగా లేచింది. తగరపు కడ్డీ కొసను వేడి గోడకు తాకించగానే అది నీటిబొట్టులా కరిగింది, దూది ఉండతో ఆయన గబగబా తుడిచిన మేరకల్లా నల్లటి లోపలిభాగం వెండిలా తెల్లబడుతూ వచ్చింది. అంతా కలిపి పావుగంట పని. "వట్టి గిన్నె పొయ్యి మీద పెట్టకమ్మా, కళాయి కరిగిపోతది. ముందు నూనె రాయి, పిండి అద్దు, ఆ తర్వాతనే మంట" అన్నాడు. తగరం 232 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, ఖాళీ పాత్రకు ఆ వేడి ఎక్కడానికి ఎంతోసేపు పట్టదు. అమ్మ ఎప్పుడూ చల్లటి సర్వకే నూనె రాసి, చల్లటి గోడకే పిండి అద్దేది. చెయ్యి కాలకుండా అలా చేస్తుందనుకున్నాను. సర్వ బతకడానికి కూడా అదే పద్ధతని ఆయన చెప్పాకే తెలిసింది. "ఎంత చాచా?" అని అడిగి డబ్బులిచ్చి, మళ్లీ మూటగట్టుకున్నాను.

ములుగు బస్సులో సగం మంది మేడారం మొక్కుల వాళ్లే. నా పక్కన కూర్చున్న ఆవిడ కాళ్ల దగ్గర బెల్లం సంచి ఉంది. సమ్మక్క సారలమ్మలకు మొక్కే బెల్లాన్ని మా వైపు బంగారం అనే పిలుస్తారు. ఆవిడ దాన్ని కాలు తగలకుండా రెండుసార్లు సర్దుకుంది. నేనూ నా మూటను సర్దుకున్నాను.

గూడెప్పాడు దాటాక మిరప కల్లాలు మొదలయ్యాయి. చిన్నమ్మ వాళ్ల కల్లంలోనూ చపాటా మిర్చి ఎండుతోంది. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ కాయ పొట్టిగా, లావుగా ఉండి, కారం తక్కువ, రంగు ఎక్కువ ఇస్తుంది. సర్వపిండికి ఆ ఎరుపు దీనివల్లే వచ్చేది. మూట విప్పి సర్వను చూపించగానే చిన్నమ్మ దాన్ని రెండు చేతులతో తీసుకుని, అంచు మీద సొట్టను వేలితో తడిమి, "గిది అక్కది గాదు బిడ్డా, మా అమ్మది. లగ్గమప్పుడు అక్కకు వెట్టిండ్రు" అంది. ఆ సొట్ట ఎలా పడిందో అడిగితే, బావిలో చేదకు బదులు దీన్ని దించితే రాయికి తగిలిందట.

పిండి తడపకముందే నేను దినుసులన్నీ ఒక్కొక్కటిగా చెప్పాను. చిన్నమ్మ శ్రద్ధగా విని, "అన్నీ ఏసినవు. ఇంకేముంటది అండ్ల?" అంది. నాకు నిరాశ కలిగింది. ఆమె వేడినీళ్లతో పిండి ముద్ద చేసి, సర్వకు నూనె రాసి, అడుగు నుంచి పక్క గోడల దాకా అరచేత్తో పలచగా అద్ది, చూపుడువేలితో ఐదారు గుంతలు పెట్టి, గుంతకింత నూనె పోసి, మూతపెట్టి కట్టెల పొయ్యి మీద సన్నటి సెగకు పెట్టింది. కాసేపటికి పల్లీలు, నువ్వులు వేగే వాసన వచ్చింది. అట్లకాడతో అంచులు లేపి తీసి పళ్లెంలో పెట్టింది. కిందివైపు ఎర్రగా, పైన మెత్తగా ఉంది. నేను కాల్చినదానికంటే ఎన్నో రెట్లు బాగుంది. అమ్మ చేసినదానికి చాలా దగ్గరగా వచ్చింది, కానీ ఆ చివరి అడుగు మాత్రం మిగిలిపోయింది.

రెండోది వెంటనే వేయడానికి వీల్లేదు. వేడి గోడకు చెయ్యి ఆనించలేం కదా. చిన్నమ్మ సర్వను గచ్చు మీద బోర్లించి చెంబుతో నీళ్లు పోసింది. అది చుయ్‌మని ఆవిరి కక్కింది. ఇక చల్లారేదాకా చేసే పనేమీ లేదు. మా ఇంట్లోనూ అంతే. ఉన్నది ఒక్కటే సర్వ కనుక, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య నేనూ తమ్ముడూ ఖాళీ పళ్లేలతో పొయ్యి ముందు కూర్చునేవాళ్లం, అమ్మ ఆ ఖాళీలోనే తన ఊరి ముచ్చట్లన్నీ చెప్పేది. పనులన్నీ నెత్తిన వేసుకుని తిరిగే మనిషి మా ముందు అంతసేపు కదలకుండా కూర్చున్నది సర్వ చల్లారేటప్పుడు మాత్రమే. పెనం మీద ఒకటి తీసిన మరుక్షణం ఇంకోటి వేయవచ్చు. సంక్రాంతినాడు అరగంటలో ఆరు కాల్చి బల్ల మీద పెట్టాను, ఒక్కరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ విరామంలోనే చిన్నమ్మ అమ్మ వేలి సంగతి చెప్పింది. అమ్మ కుడిచేతి చూపుడువేలు మధ్య కణుపు దగ్గర వంగి ఉండేదని, అది నిటారుగా చాపలేదని మాకు తెలుసు. ఎప్పుడడిగినా "చిన్నప్పుడు తెగింది" అని మాట మార్చేది.

"గప్పుడు నాకు ఏడేండ్లు. అక్క జొన్న చేన్ల కంకులు కోస్తాంటే తియ్యకట్టె కావాల్నని ఎంబడి వడ్డ. ఒద్దే ఒద్దే అనుకుంటనే నాకోసం ఒకటి కోసింది, కొడవలి ఏలు మీదికి దిగింది. నన్ను కొడ్తరని ఇంట్ల చెప్పలే, ఆగమాగం కోస్తే తెగిందన్నది. ఆ ఏలు మల్ల సాఫు కాలే. గుంతలు సుత బొటనేలితోనే వెట్టేది." చిన్నమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "పెత్రమాస నాడు అందరు పప్పు, పాసెం పెడ్తరు పెద్దలకు. నేను అక్కకు సర్వపిండి పెడ్త."

నేను ఆమె చివరి మాటలు సగమే విన్నాను. నాకు అమ్మ చెయ్యి కనిపిస్తోంది. బొటనవేలిని పిండిలో దింపి, కొద్దిగా తిప్పి తీసేది. ఆ గుంతలు మా వేళ్ల గుంతలకంటే వెడల్పు, అందులో నూనె చుక్కగా కాక మడుగుగా నిలిచేది, దాని చుట్టూ ఒక ఎర్రటి కరకరలాడే అంచు కట్టేది. నేనూ తమ్ముడూ పోట్లాడుకున్నది ఆ అంచుల కోసమే. వంట నేర్చుకున్నప్పుడు నేను చూసింది పిండినే, చేతిని కాదు.

సర్వ చల్లారింది. ఈసారి పిండి నేను అద్దాను, గుంతలు బొటనవేలితో పెట్టాను. చిన్నమ్మ ఏమీ అనకుండా నూనె గిన్నె ముందుకు జరిపింది. మూత తీశాక ఆమె మొదట అంచు ముక్క తుంచి నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది. తర్వాత నా చేతిలో ఒక ముక్క పెట్టింది. చీకటి పడేదాకా మేమిద్దరం ఐదు చేశాం, ప్రతిదాని తర్వాతా సర్వను చల్లార్చుకుంటూ.

మర్నాడు బయలుదేరేటప్పుడు రెండు సర్వపిండులు మోదుగాకు విస్తరిలో చుట్టి ఇచ్చి, కారంపొడి సంచి చేతికిచ్చి, "ముందుగాల ఒక గ్యాసు పొయ్యి కొనుక్కో" అని చెప్పింది. జనగామలో బస్సు ఆగినప్పుడు తమ్ముడికి ఫోన్ చేసి వేలి సంగతి చెప్పాను. అటువైపు కాసేపు మాట లేదు. "అవునక్కా, గుంతలు పెద్దగుంటుండె" అన్నాడు మెల్లగా. ఆ తర్వాత, "రెండూ తినకు. డ్యూటీ దిగంగనే వస్త" అన్నాడు.