అడ్రసులో ప్రిన్స్‌టన్ ఉంటే చాలదు

న్యూయార్క్‌లో ఉద్యోగం, బడికెళ్ళే ఇద్దరు పిల్లలు, కాస్త గట్టి బడ్జెట్. ఈ మూడూ ఉన్న తెలుగు కుటుంబం న్యూజెర్సీ మ్యాపు తెరిస్తే వేలు ముందుగా ప్రిన్స్‌టన్ మీదికే వెళ్తుంది. ఇంటి అమ్మకం లిస్టింగ్‌లో "ప్రిన్స్‌టన్, 08540" అని కనబడితే చాలు, ప్రిన్స్‌టన్ బళ్ళు వచ్చేసినట్టే అనుకుంటారు. 08540 పోస్టాఫీసు వాళ్ళ జిప్ కోడ్ మాత్రమే. ఆ కోడ్ ఉన్న ఇళ్ళు వెస్ట్ విండ్సర్‌లోనూ, సౌత్ బ్రన్స్‌విక్‌లోనూ, లారెన్స్‌లోనూ ఉన్నాయి. పిల్లల బడి, ప్రాపర్టీ టాక్స్, స్టేషన్ పార్కింగ్ పర్మిట్, ఈ మూడింటికీ చూసేది ఇల్లు ఏ మునిసిపాలిటీలో ఉందనే. షార్ట్ హిల్స్ సంగతీ ఇంతే, అది విడిగా ఊరు కాదు, మిల్‌బర్న్ టౌన్‌షిప్‌లో ఒక భాగం.

కాబట్టి ఇల్లు నచ్చగానే చేయాల్సిన మొదటి పని దాని బ్లాక్, లాట్ నంబర్లు (టాక్స్ రికార్డుల్లో ఆ స్థలానికి ఉండే నంబర్లు) పట్టుకోవడం. టాక్స్ రికార్డులు అందరూ చూడగలిగేవే, మునిసిపాలిటీ పేరు అక్కడ ఖరారవుతుంది. తర్వాత స్కూల్ డిస్ట్రిక్ట్ ఆఫీసుకు ఫోన్ చేసి వీధి పేరు, ఇంటి నంబరు చెప్పి ఎలిమెంటరీ, మిడిల్, హైస్కూల్ మూడింటి పేర్లూ అడగండి. ఎడిసన్‌లో జె.పి. స్టీవెన్స్, ఎడిసన్ హై అని రెండు హైస్కూళ్ళు. వెస్ట్ విండ్సర్-ప్లెయిన్స్‌బరోలో నార్త్, సౌత్ అని రెండు. ఒకే డిస్ట్రిక్ట్, అయినా బడుల హద్దు గీతకు అటు ఒక బడి, ఇటు ఒక బడి. రియల్టర్ చెప్పిన మాట మీద ఈ విషయం వదిలేయకండి. గీతలు జరిపే ఆలోచన ఏమైనా నడుస్తోందా అన్నది కూడా అదే ఫోన్లో అడగాలి, బోర్డు మీటింగ్ మినిట్స్ చూడాలి. కిండర్‌గార్టెన్ పూర్తి రోజా, సగం రోజా అన్నది మరో ప్రశ్న. సగం రోజైతే మిగతా సగానికి డేకేర్ ఖర్చు మీదే.

ఇందులో చాలామంది గమనించని మెలిక ఒకటుంది. వెస్ట్ విండ్సర్, ప్లెయిన్స్‌బరో ఒకే స్కూల్ డిస్ట్రిక్ట్ అయినా కౌంటీలు వేరు. వెస్ట్ విండ్సర్ మెర్సర్ కౌంటీలో, ప్లెయిన్స్‌బరో మిడిల్‌సెక్స్ కౌంటీలో ఉంటాయి. పరీక్ష పెట్టి తీసుకునే కౌంటీ అకాడమీలకు ఆ కౌంటీలో ఉండేవాళ్ళే అర్హులు. మిడిల్‌సెక్స్ కౌంటీ అకాడమీ ఎడిసన్‌లో ఉంది. దానికి ప్లెయిన్స్‌బరో పిల్ల దరఖాస్తు చేసుకోవచ్చు, ఆ పిల్ల పక్క బెంచీలో కూర్చునే వెస్ట్ విండ్సర్ పిల్లవాడు చేసుకోలేడు. ఎనిమిదో తరగతిలో ఈ సంగతి తెలిసి తల పట్టుకునే కంటే ఇల్లు చూసేటప్పుడే తెలిస్తే మేలు.

ఇక రైలు. లిస్టింగ్‌లో రాసే "న్యూయార్క్‌కు గంట" అన్నది స్టేషన్ నుంచి స్టేషన్‌కు, అదీ తొందరగా వెళ్ళే రైలుకు. మన లెక్క ఇంటి గడప నుంచి ఆఫీసు కుర్చీ దాకా ఉండాలి. ప్రిన్స్‌టన్ జంక్షన్‌నే తీసుకోండి. ఇంటి నుంచి పార్కింగ్‌కు పది నిమిషాలు. అది చాలా పెద్ద పార్కింగ్, దూరపు వరసలో చోటు దొరికితే ప్లాట్‌ఫారం దాకా ఆరేడు నిమిషాల నడక. రైలు రావడానికి ఐదు నిమిషాలు. రైల్లో గంటా పది. న్యూయార్క్ పెన్ స్టేషన్‌లో దిగాక ఆఫీసు దగ్గర్లోనే ఉంటే పది నిమిషాలు, గ్రాండ్ సెంట్రల్ వైపైతే ఇరవై ఐదు. మొత్తం కలిపితే గంటా నలభై నుంచి రెండు గంటలు. రానూపోనూ రోజుకు మూడు గంటల ఇరవై నిమిషాలకు తక్కువ కాదు. అదే ఎడిసన్ దగ్గరి మెట్రోపార్క్ స్టేషన్ నుంచైతే రైలు ప్రయాణం నలభై నిమిషాల చిల్లర. ఆఫీసు డౌన్‌టౌన్ మాన్‌హాటన్‌లో ఉంటే న్యూయార్క్ పెన్ స్టేషన్ దాకా వెళ్ళనే అక్కర్లేదు. నెవార్క్ పెన్‌లో దిగి పాత్ (PATH) అనే మెట్రో రైలెక్కితే నేరుగా వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో తేలతారు.

ఏ లైన్ మీద ఉన్నారన్నదే ఇంటి ధరను చాలావరకు తేలుస్తుంది. 1996లో మిడ్‌టౌన్ డైరెక్ట్ అనే రైలు సర్వీసు మొదలయ్యాక మేపుల్‌వుడ్, మిల్‌బర్న్, షార్ట్ హిల్స్, సమిట్, చాతమ్ ఊళ్ళ నుంచి మారకుండా పెన్ స్టేషన్‌కు వెళ్ళే వీలు వచ్చింది. అంతకుముందు హోబోకెన్‌లో దిగి మారేవాళ్ళు. వెస్ట్‌ఫీల్డ్, క్రాన్‌ఫర్డ్ ఉన్న రారిటన్ వ్యాలీ లైన్‌లో ఇప్పటికీ చాలా రైళ్ళు నెవార్క్‌తోనే ఆగిపోతాయి. హడ్సన్ నది కింది సొరంగాల్లోకి డీజిల్ ఇంజను పోనివ్వరు, ఈ లైన్‌కు కరెంటు తీగలు పూర్తిగా లేవు. రిడ్జ్‌వుడ్, గ్లెన్ రాక్ వాళ్ళు సికాకస్‌లో మారాలి. మారడమంటే ఐదు నిమిషాల పని అనిపిస్తుంది, కానీ మొదటి రైలు నాలుగు నిమిషాలు లేటైతే రెండోది తప్పిపోతుంది, అప్పుడు పోయేది ఇరవై నిమిషాలు.

ఆ సొరంగాలు 1910 నాటివి, ఒక్కో దాంట్లో ఒక్కటే పట్టా. 2012లో శాండీ తుపానుకు ఉప్పునీరు చేరి లోపల దెబ్బతిన్నాయి. హాకెన్‌సాక్ నది మీది పోర్టల్ బ్రిడ్జి కూడా 1910దే. పడవల కోసం పక్కకు తిరిగే ఆ వంతెన కొన్నిసార్లు మళ్ళీ సరిగ్గా మూసుకునేది కాదు, దాంతో లైన్ అంతా ఆగిపోయేది. పక్కన కొత్తది కట్టడం 2022లో మొదలుపెట్టారు. దగ్గర ఊరైనా దూరపు ఊరైనా ఈ సొరంగాల్లోంచే పోవాలి కాబట్టి "దగ్గర ఊరైతే ఆలస్యాలుండవు" అన్నది ఉత్త భ్రమ. ఈ రైళ్ళను నడిపే ఎన్‌జె ట్రాన్సిట్ టికెట్ల ధరలు 2024 జూలైలో 15 శాతం పెరిగాయి, ఆ తర్వాత ఏటా 3 శాతం చొప్పున పెంచాలని అప్పుడే నిర్ణయించారు. వారానికి మూడు రోజులే ఆఫీసుకు వెళ్ళేవాళ్ళు నెల పాసు ధరను ఒక టికెట్ ధరతో భాగించి చూసుకోండి, పాసు చాలాసార్లు గిట్టదు. పార్కింగ్ పర్మిట్‌కు వెయిటింగ్ లిస్టు ఎంతుందో పార్కింగ్ అథారిటీని ముందే అడగండి, కొన్నిచోట్ల అది ఏళ్ళలో ఉంటుంది.

ప్రాపర్టీ టాక్స్ చూసి బెంబేలెత్తని వాళ్ళుండరు. రాష్ట్రం సగటే 2024లో ఏడాదికి 10,000 డాలర్లు దాటింది, మనం చెప్పుకుంటున్న ఊళ్ళలో దానికి రెట్టింపు కట్టేవాళ్ళు మామూలుగానే కనబడతారు. ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబర్ ఒకటో తేదీల్లో నాలుగు వాయిదాలు. లిస్టింగ్‌లో వేసింది పోయినేటి టాక్స్ అయివుండొచ్చు. అమ్మేవాళ్ళు ఈమధ్యే వంటగది మార్చి, బేస్‌మెంట్ ఫినిష్ చేసి ఉంటే ఆ పెరిగిన విలువకు "యాడెడ్ అసెస్‌మెంట్" బిల్లు మీరు దిగాక వస్తుంది, ఎస్క్రోలో (టాక్సు కోసం బ్యాంకు నెలనెలా మీ డబ్బు పక్కన పెట్టే ఖాతాలో) లోటు పడుతుంది. పర్మిట్లు మూసేశారా, అసెసర్ వచ్చి చూసివెళ్ళాడా అన్నది క్లోజింగ్‌కు, అంటే ఇల్లు మీ పేరిట మారే రోజుకు, ముందే కనుక్కోండి. పెరటి డెక్కు పర్మిట్ లేకుండా కట్టి ఉంటే అదీ మీ నెత్తినే పడుతుంది.

పది లక్షల డాలర్లు దాటిన ఇళ్ళ మీద ఒక శాతం మాన్షన్ టాక్స్ ఇదివరకు కొనేవాళ్ళు కట్టేవాళ్ళు. 2025 జూలై 10 నుంచి అది అమ్మేవాళ్ళ మీదికి మారింది, ఇరవై లక్షలు దాటితే శాతం ఇంకా పెరుగుతుంది. బేరమాడేటప్పుడు గుర్తుంచుకోండి, అడిగే ధరలో అది కలిసి ఉండొచ్చు. న్యూయార్క్ సిటీ ఇన్‌కమ్ టాక్స్ న్యూజెర్సీలో ఉండేవాళ్ళకు పడదు, అది నిజమైన మిగులే. న్యూయార్క్ రాష్ట్ర టాక్స్ మాత్రం కట్టాల్సిందే, దానికి న్యూజెర్సీ తన టాక్సులో క్రెడిట్ ఇస్తుంది. ఇంటి నుంచి పనిచేసే రోజులకు తగ్గుతుందనుకోకండి. మీ వీలు కోసం ఇంట్లో కూర్చుంటే ఆ రోజులనూ న్యూయార్క్ తన ఖాతాలోనే వేసుకుంటుంది.

ఈ ఊళ్ళలో పాత ఇళ్ళెక్కువ. 1970కి ముందు కట్టినదైతే ఇంటి చుట్టూ ఒకసారి నిదానంగా నడవండి. పునాది పక్కన నేలలోంచి పైకి వచ్చిన రెండు ఇనుప గొట్టాలు, ఒకటి మూతతో, ఒకటి వంపు తిరిగి కనబడితే అక్కడ హీటింగ్ ఆయిల్ ట్యాంకు పాతిపెట్టి ఉండే అవకాశముంది. బేస్‌మెంట్ గోడలోంచి వచ్చి తెగి ఆగిన సన్నటి రాగి గొట్టాలూ అదే చెబుతాయి. ఇప్పుడు గ్యాస్ హీటింగ్ ఉందంటే పాత ట్యాంకు తీసేశారని కాదు. మామూలు హోమ్ ఇన్‌స్పెక్షన్‌లో ఇది రాదు, ట్యాంక్ స్వీప్ (పరికరంతో నేలలో ట్యాంకును వెతికించడం) విడిగా చేయించాలి, కొన్ని వందల డాలర్లవుతుంది. తుప్పుపట్టి కారిన ట్యాంకు తవ్వించి మట్టి శుభ్రం చేయించాలంటే పదులవేలకు పోతుంది. నేలలోంచి ఇంట్లోకి చేరే రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు పరీక్షలో లీటరుకు 4 పికోక్యూరీలు వచ్చినా, దాటినా దాన్ని బయటికి పంపే ఫ్యాన్ అమ్మేవాళ్ళ చేత పెట్టించమనండి. కాంట్రాక్టు మీద సంతకాలయ్యాక అటార్నీ రివ్యూకు, అంటే లాయరు దాన్ని చూసి మార్పులు అడగడానికి, మూడు పనిదినాలుంటాయి, మీ షరతులు ఆలోపే లాయరు చేత రాయించాలి.

వరద సంగతి కూడా చూడండి. 2021 సెప్టెంబర్ 1న ఐడా తుపాను వానకు మిల్‌బర్న్ డౌన్‌టౌన్, క్రాన్‌ఫర్డ్ వీధులు మునిగాయి. ఇల్లు ఎప్పుడైనా మునిగిందా అన్నది అమ్మేవాళ్ళు రాతపూర్వకంగా చెప్పాలని 2024 మార్చి నుంచి చట్టం ఉంది. ఆ కాగితం చదివాక పక్కింటివాళ్ళను కూడా అడగండి.

తెలుగు బతుకు లెక్క వేరే ఉంది. ఎడిసన్, ఐసెలిన్ మధ్య ఓక్ ట్రీ రోడ్డులో గోంగూర, ములక్కాడ, పచ్చళ్ళు అన్నీ ఒక్కచోట. బ్రిడ్జ్‌వాటర్‌లో వెంకటేశ్వరస్వామి గుడి. షార్ట్ హిల్స్‌లో ఉంటే కరివేపాకుకైనా కారు తీయాలి. వారానికి మూడు రోజులు ఆఫీసు, ఎలిమెంటరీ వయసు పిల్లలు ఉన్నవాళ్ళకు నా ఓటు మెటచెన్‌కో, మెట్రోపార్క్‌కు దగ్గర్లోని ఎడిసన్‌కో. మెటచెన్ చుట్టూ నాలుగు వైపులా ఎడిసనే. చిన్న ఊరు కాబట్టి స్టేషన్‌కు నడిచిపోయే ఇళ్ళు దొరుకుతాయి, పార్కింగ్ పర్మిట్ గొడవే ఉండదు.

బస్సు విషయం మాత్రం మరవకండి. ఎనిమిదో తరగతి వరకు బడి రెండు మైళ్ళకు మించి ఉంటేనే, హైస్కూల్‌కు రెండున్నర మైళ్ళకు మించితేనే డిస్ట్రిక్ట్ బస్సు తప్పనిసరిగా వేయాలి. అంతకంటే దగ్గరైతే డబ్బు కట్టి తీసుకోవాల్సి రావచ్చు, లేదా దింపి తీసుకురావాలి. బడి మూడింటికి వదిలితే ఆఫ్టర్‌కేర్ చాలాచోట్ల ఆరింటికి మూసేస్తారు, దాటితే నిమిషాల లెక్కన జరిమానా. సొరంగంలో రైలు ఆగిన రోజు సెల్ సిగ్నల్ కూడా సరిగా ఉండకపోవచ్చు. అందుకే ఆఫ్టర్‌కేర్ ఫారంలో పిల్లల్ని తీసుకెళ్ళడానికి అనుమతి ఉన్నవాళ్ళ గడిలో, ఆ వేళకు ఊళ్ళోనే ఉండే పక్కింటివాళ్ళ పేరు వాళ్ళనడిగి మొదటి వారంలోనే రాసిపెట్టండి.