చుక్కల మందు, చారు గ్లాసు

జనవరిలో నాంపల్లి నుమాయిష్‌కి వెళ్లొచ్చాం. అక్కడి దుమ్మో, గుంపులో ఎవరి తుమ్మో గానీ, మూడో రోజుకల్లా నా ముక్కు రెండు వైపులా మూసుకుపోయింది. పగలు ఎలాగో గడిచేది. రాత్రి పడుకుంటే ఊపిరాడేది కాదు. నోటితో పీల్చి పీల్చి తెల్లారేసరికి నాలుక పిడచకట్టుకుపోయేది.

మెడికల్ షాపులో ముక్కులో వేసుకునే చుక్కల మందు కొన్నాను. కాసేపట్లోనే ముక్కు తెరుచుకుంది. ప్రాణం లేచొచ్చింది! ఆ సుఖం మరిగి ఎనిమిది రోజులు వాడాను. చివరికి మూడు గంటలకోసారి వేసుకోకపోతే కుదరని పరిస్థితి. డాక్టరమ్మ సీసా చూసి తల పట్టుకుంది. అందులో ఉన్నది ఆక్సీమెటజోలిన్. ముక్కులో ఉబ్బిన రక్తనాళాలను బిగిస్తుంది. మూడు నుంచి ఐదు రోజులు దాటి వాడితే, మందు ప్రభావం దిగగానే అవి మళ్లీ ఉబ్బుతాయట. ఆపేసి, ఉప్పునీటి స్ప్రే వాడుతూ వేడివేడిగా ఏదైనా తాగమంది.

ఆపిన రెండు రాత్రులు నరకం. అప్పుడే కరీంనగర్ నుంచి అమ్మ దిగింది.

"ఏందిరా, ముక్కుల నుంచి మాట్లాడుతున్నవ్? ఆగు, జర చారు కాస్త."

మిరియాలు, జీలకర్ర, ఎల్లిపాయలు కచ్చాపచ్చాగా దంచి, పల్చటి చింతపండు పులుసులో వేసింది. పొంగు రాగానే దించేసింది. ఎక్కువ మరిగితే వాసన పోయి చేదెక్కుతుందట. అన్నంలోకి కాదు, స్టీలు గ్లాసులో తాగడానికి. నాలుగో గుక్కకి ముక్కు కారడం మొదలైంది. ముక్కు కారితే ఇంత సంతోషపడతానని ఎప్పుడూ అనుకోలేదు.

దుప్పటి కప్పుకుని ఆవిరి పట్టమని కూడా పోరింది. ఇంట్లో ఐదేళ్ల పాప పరుగులు పెడుతుంటే నేలమీద మరిగే నీళ్ల గిన్నె పెట్టడం నాకు భయం. వద్దన్నాను. ఆదివారం పాతబస్తీ నుంచి పాయా, అంటే మేక కాళ్ల సూప్, తెచ్చుకుని తాగాను. ముక్కుకి బాగానే ఉంది, రాత్రంతా ఛాతీలో మంట.

2008లో బ్రిటన్‌లోని కార్డిఫ్ యూనివర్సిటీ వాళ్లు జలుబు చేసిన 30 మందికి వేడి పండ్ల పానీయం ఇచ్చి చూశారని తర్వాత చదివాను. ముక్కులో గాలి ఆడటాన్ని కొలిస్తే తేడా లేదు, తాగినవాళ్లకు మాత్రం హాయిగా అనిపించింది. నా సంగతీ అంతే. చారు తాగిన అరగంటకి మళ్లీ దిబ్బడ. కానీ ఆ అరగంటలోనే, తలకింద రెండు దిండ్లు పెట్టుకుని, నిద్రలోకి జారిపోయేవాణ్ని.

మందు ఆపిన తొమ్మిదో రోజు ఎడమ ముక్కు తెరుచుకుంది. కుడిదానికి ఇంకో నాలుగు రోజులు పట్టింది. అప్పటికి అమ్మ ఊరెళ్లిపోయింది. ఆ నాలుగు రోజులూ చారు నేనే కాచుకున్నాను. రోజూ ఎక్కువ మరిగించి చేదు చేశాను.