1310ని, 1550ని విడదీయడం: నా అనుభవం

ఎంటెక్ ప్రాజెక్టుకి నేను తీసుకున్నది ప్లాస్మోనిక్ డీమల్టీప్లెక్సర్, అంటే కలిసి వచ్చే రెండు తరంగదైర్ఘ్యాల వెలుగుని లోహపు సందుల్లో విడదీసే పరికరం. వెండిలో 50 నానోమీటర్ల వెడల్పున గాలి సందు, అదే వేవ్‌గైడ్, అంటే వెలుగు నడిచే దారి. వెండి గోడల్లోని ఎలక్ట్రాన్లను ఊపుకుంటూ వెళ్తుంది కాబట్టే వెలుగు తన తరంగదైర్ఘ్యంలో ముప్పయ్యో వంతు సందులో కూడా ఇముడుతుంది. చివర్లో దారి రెండుగా చీలుతుంది, ఒక్కోదాని మీద ఒక చిన్న గది, అంటే కావిటీ. ఒకదాంట్లోంచి 1310, ఇంకోదాంట్లోంచి 1550 నానోమీటర్ల వెలుగు బయటికి రావాలి. ఫైబర్ కేబుళ్లలో వాడేవి ఇవే.

కాగితం మీద లెక్క తేలికే. ఆ సందులో ఎఫెక్టివ్ ఇండెక్స్ (వెలుగు ఎంత నెమ్మదిస్తుందో చెప్పే సంఖ్య) దాదాపు 1.4, కావిటీలో సగం తరంగం పట్టాలి, కాబట్టి 1550కి సుమారు 550 నానోమీటర్ల పొడవు, 1310కి 470 దగ్గర.

సిమ్యులేషన్ ఐదు నిమిషాల్లో అయిపోయింది గానీ గ్రాఫ్‌లో పీక్, అంటే వెలుగు ఎక్కువగా బయటికొచ్చే శిఖరం, ఉండాల్సిన చోట లేదు. పొడవులు మార్చాను, వెండి డేటా మార్చాను, రెండు వారాలు ఇదే పని. అసలు టెన్షన్ పెట్టింది ఇంకోటి: వేవ్‌గైడ్‌కీ కావిటీకీ మధ్య వెండి గోడ మందం 15 నానోమీటర్లు పెట్టినా 20 పెట్టినా ఒకటే గ్రాఫ్! ఒక రాత్రి డిజైన్ బొమ్మని బాగా జూమ్ చేసి చూస్తే గోడ రెండు గళ్లు ఉంది. నా మెష్, అంటే గడి సైజు, 10 నానోమీటర్లు. నా సిమ్యులేషన్ వాడేది 1966లో కేన్ యీ చెప్పిన ఎఫ్‌డీటీడీ పద్ధతి, వెలుగు కదలికని అడుగడుగునా లెక్కగట్టేది. అందులో స్థలాన్నంతా గళ్లుగా కోస్తారు, నా 15 కాస్తా 20 అయిపోయింది.

మెష్ 2.5కి తగ్గించాను. టూడీలో గడి నాలుగో వంతయితే గళ్లు 16 రెట్లు, టైమ్ స్టెప్పులు 4 రెట్లు, మొత్తం 64 రెట్లు. ఐదు నిమిషాల రన్ ఐదు గంటల ఇరవై నిమిషాలైంది. మొదటిసారి తొందరపడి ముందే ఆపేస్తే గ్రాఫ్ నిండా అలలు, ఎందుకంటే కావిటీలో వెలుగు ఇంకా చల్లారలేదు. మీరు చేస్తుంటే మాత్రం ఫీల్డ్ పూర్తిగా తగ్గేదాకా ఆగండి.

మర్నాడు పొద్దున రెండు పీకులూ విడివిడిగా నిలబడ్డాయి. 1550 దగ్గర ఫీల్డ్ బొమ్మ తెరిస్తే పొడుగు కావిటీ ఎర్రగా నిండి ఉంది, పక్కది దాదాపు ఖాళీ. దాన్ని ఎంతసేపు చూస్తూ కూర్చున్నానో!

వెండి కొంత వెలుగుని తినేస్తుంది, అందుకే పీకులు పొట్టిగానే ఉన్నాయి. గోడ పల్చన చేస్తే ఎత్తు పెరుగుతుంది, కానీ పీక్ వెడల్పై పక్క దాని మీదికి పాకుతుంది. ఇప్పుడు 12.5 నానోమీటర్ల గోడతో రన్ పెట్టాను, తెల్లారేసరికి అవుతుంది.