ఫ్రాంజ్ స్టాంగల్: ట్రెబ్లింకాలోని బూటకపు స్టేషన్

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ ఆక్రమణలోని పోలండ్‌లో నాజీలు నడిపిన ట్రెబ్లింకా మరణ శిబిరానికి అధిపతిగా పనిచేసిన ఫ్రాంజ్ స్టాంగల్ గురించి ఎప్పుడు చదివినా నా ఆలోచన అక్కడి రైల్వే స్టేషన్ దగ్గరే ఆగిపోతుంది. అది నిజమైన స్టేషన్ కాదు. చనిపోయినవారి వస్తువులను వేరుచేసి పెట్టే కొట్టు గోడకు టికెట్ల కిటికీని, బియాలిస్టాక్ నగరానికి వెళ్లే రైళ్లకు దారి చూపే బోర్డును, రంగుతో గీసిన గడియారాన్ని అమర్చారు. ముళ్లు కూడా బొమ్మలోవే కనుక అందులో వేళ ఎప్పుడూ మారేది కాదు. రైలు దిగిన యూదులు అదొక మజిలీ అని నమ్మి, ఎదురుతిరగకుండా ముందుకు నడవాలన్నదే దాని ఉద్దేశం. వారిలో అత్యధికులు కొద్ది గంటలలోనే గ్యాస్ గదులలో ప్రాణాలు కోల్పోయారు. నడవలేని వృద్ధులను, రోగులను రెడ్‌క్రాస్ జెండా కట్టిన 'వైద్యశాల'కు తీసుకువెళ్లేవారు. లోపల ఉన్నది ఒక గొయ్యి, దాని అంచున తుపాకీ పట్టిన గార్డు.

స్టాంగల్ 1908లో ఆస్ట్రియాలోని ఆల్ట్‌మ్యూన్‌స్టర్‌లో పుట్టాడు. నేతపని నేర్చుకుని, 1931లో పోలీసు ఉద్యోగంలో చేరాడు. 1940లో అతన్ని హార్ట్‌హైమ్ కోటకు పంపారు. వికలాంగులను, మానసిక రోగులను గ్యాస్‌తో చంపిన ఆ చోట భద్రత, కాగితాల వ్యవహారం అతని బాధ్యతలు. 1942లో సోబిబోర్ అనే మరో మరణ శిబిరాన్ని నడిపి, అదే ఏడాది సెప్టెంబరులో ట్రెబ్లింకాకు వచ్చాడు. అంతకుముందు అధిపతిగా ఉన్న ఇర్మ్‌ఫ్రీడ్ ఎబెర్ల్ హయాంలో శవాలు పూడ్చలేనంతగా పేరుకుపోయి శిబిరం అస్తవ్యస్తం కాగా, దాన్ని చక్కబెట్టడానికే ఇతన్ని నియమించారు. అతను తెల్లని కోటు వేసుకుని ఆ ఆవరణలో తిరిగేవాడు. అక్కడ మొత్తం 7 లక్షల నుంచి 9 లక్షల మంది హతమయ్యారు.

1943 ఆగస్టు 2న ఖైదీలు తిరుగుబాటు చేశాక అతన్ని ఇటలీలోని ట్రియెస్టేకు మార్చారు. యుద్ధం తర్వాత ఆస్ట్రియా జైలులో ఉండి, 1948లో తప్పించుకుని, రోమ్‌లో బిషప్ అలోయిస్ హుడాల్ సాయంతో సిరియా చేరాడు. 1951లో బ్రెజిల్ వెళ్లి, సొంత పేరుతోనే బతుకుతూ, సావో పాలో దగ్గరి ఫోక్స్‌వాగన్ కర్మాగారంలో ఉద్యోగం చేశాడు. పరారైన నాజీలను వెతికి పట్టించే సైమన్ వీజెంతాల్ ఆచూకీ తీసిన మీదట 1967లో పట్టుబడ్డాడు.

జైలులో తనను కలిసిన పాత్రికేయురాలితో, ఆ జనం తన కంటికి మనుషులుగా కాక సరుకుగా కనిపించేవారని అతను చెప్పాడు. ఈ మాటను చాలామంది యథాతథంగా తీసుకుంటారు, నేను తీసుకోలేను. సరుకును నమ్మించడానికి ఎవరూ గడియారం గీయించరు. బిడ్డను ఎత్తుకుని దిగిన తల్లి ముందుగా దేన్ని వెతుకుతుందో, ఏ బోర్డు చూస్తే ఆమె భయం తగ్గుతుందో తెలిసినవారే ఆ స్టేషన్‌ను కట్టించగలరు. దిగుతున్నది మనుషులని అతనికి రోజూ తెలుసు. ఆ తెలివిడినే హత్యకు పనిముట్టుగా వాడుకున్నాడు.

పశ్చిమ జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ న్యాయస్థానంలో అతనిపై జరిగిన విచారణలో, ట్రెబ్లింకా నుంచి ప్రాణాలతో బయటపడిన కొద్దిమందిలో కొందరు అతని ఎదుటే సాక్ష్యం చెప్పారు. 1970 డిసెంబరు 22న యావజ్జీవ కారాగార శిక్ష పడింది. అందులో అతను అనుభవించింది ఆరు నెలలే. 1971 జూన్ 28న గుండె ఆగి జైలులోనే మరణించాడు.